ఇంట్లో నిండుగా, బ్యాండ్‌లో పీలగా: ఒక స్ట్రాట్ రిగ్‌కి టోన్ కుదిరిన తీరు

గిటారిస్టు మా దగ్గరికి వచ్చేటప్పటికే చేతిలో కొనాల్సిన వాటి జాబితా ఉంది: హంబకర్లు (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చే జంట కాయిల్ పికప్‌లు) ఉన్న రెండో గిటార్, 100 వాట్ల ఆంప్ (యాంప్లిఫయర్), ఇంకో డిస్టార్షన్ పెడల్. ఆ మూడింట్లో ఒక్కటీ కొనలేదు. చివరికి కొన్నవి ఒక స్పీకర్, చిన్న బఫర్ (పొడవాటి కేబుల్‌లో ట్రెబుల్ పోకుండా కాపాడే సర్క్యూట్), పెడల్స్‌కి పవర్ సప్లై, ఒక సెట్ తీగలు, ఆంప్‌కి వంపు స్టాండ్. ఉన్న పెడల్స్‌లో రెండు బోర్డు మీంచి దిగిపోయాయి కూడా. ఏ వరసలో వెతికితే ఏది బయటపడిందో, మధ్యలో ఎక్కడ బెడిసికొట్టిందో కింద ఉంది.

వచ్చిన ఫిర్యాదు

బ్యాండ్‌లో డ్రమ్స్, బేస్, కీబోర్డ్, గాత్రం, ఒకే ఒక్క ఎలక్ట్రిక్ గిటార్. కోరిన టోన్ 1960ల చివరి బ్లూస్ రాక్ తరహా: మెత్తగా మీటితే క్లీన్‌గా ఉండాలి, గట్టిగా మీటితే గరగరలాడాలి, సోలోలో నోట్ సాగాలి.

గిటార్ స్ట్రాటోకాస్టర్ తరహాది. 25.5 అంగుళాల స్కేల్, మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు, 250 కిలో ఓమ్‌ల పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల వెనకుండే రెసిస్టర్లు), 9–42 తీగలు (అంగుళంలో వెయ్యో వంతుల్లో సన్న, లావు తీగల మందం). ఆంప్ 40 వాట్ల ట్యూబ్ కాంబో, అంటే ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నది. పవర్ సెక్షన్‌లో రెండు 6ఎల్6 ట్యూబులు, వెనక తెరిచి ఉన్న క్యాబినెట్, 12 అంగుళాల 8 ఓమ్‌ల స్పీకర్ ఒకటి. బోర్డు మీద వరసగా వా, కంప్రెసర్ (మెత్తని, గట్టి శబ్దాల తేడా తగ్గించేది), సిలికాన్ ఫజ్, ట్యూబ్ స్క్రీమర్ తరహా ఓవర్‌డ్రైవ్, హై గెయిన్ డిస్టార్షన్, కోరస్, డిజిటల్ డిలే. అన్నీ ట్రూ బైపాస్, అంటే ఆఫ్‌లో ఉంటే సిగ్నల్ పెడల్ సర్క్యూట్‌ని తాకకుండా నేరుగా వెళ్తుంది. ఏడింటికీ ఒకటే అడాప్టర్, దాన్నుంచి గొలుసుకట్టు వైరు. గిటార్ నుంచి బోర్డుకి 6 మీటర్ల కేబుల్, బోర్డు నుంచి ఆంప్‌కి ఇంకో 6 మీటర్లు, ప్యాచ్ కేబుళ్లన్నీ కలిపి ఇంచుమించు 2 మీటర్లు.

ఆయన చెప్పిన ఇబ్బందులు ఐదు. సోలో ఎవరికీ వినపడదు. డిస్టార్షన్ వేసి కార్డ్ కొడితే బురదలా ఉంటుంది. తనకేమో శబ్దం మొద్దుగా ఉంటే, ముందు కూర్చున్నవాళ్లు చెవుల్లో గుచ్చుతోందంటారు. ఆగినప్పుడల్లా గుయ్‌మనే హమ్. గిటార్ వాల్యూమ్ కాస్త తగ్గిస్తే కాంతి పోతుంది.

వీటిలో మూడోదే అసలు ఆచూకీ. అదే ఆంప్, అదే పాట. వాయించేవాళ్లకి మొద్దు, వినేవాళ్లకి ముల్లు. తప్పు గిటార్‌లో ఉంటే ఇద్దరికీ ఒకేలా వినపడాలి.

ముందు చెవుల సంగతి

తనకి నచ్చిన రికార్డింగులు మూడు తెచ్చుకోమని చెప్పి, ఒక్కోదాన్లో గిటార్ ఒంటరిగా ఉన్న నాలుగైదు సెకన్లు పట్టుకుని విన్నాం. మూడింట్లోనూ గెయిన్ (సిగ్నల్‌ని గరగరలాడేలా పెంచే మోతాదు) ఆయన వాడేదాంట్లో సగం కూడా లేదు. రికార్డింగులో మందంగా అనిపించే బరువు చాలావరకు బేస్ గిటార్‌ది, కొన్నిచోట్ల ఒకే భాగాన్ని రెండుసార్లు వాయించి కలిపినది. ఒక్క గిటార్‌తో, ఒక్క ఆంప్‌తో ఆ బరువంతా తేవాలని చూస్తే గెయిన్, బేస్ నాబ్‌లు పెరుగుతూనే పోతాయి. ఎలక్ట్రిక్ గిటార్ అడుగు తీగ (అన్నిటికన్నా లావుది) 82 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. ఆ ప్రాంతమంతా అప్పటికే బేస్ గిటార్, కిక్ డ్రమ్ ఆక్రమించి ఉంటాయి. గిటార్‌కి మిగిలేది ఇంచుమించు 400 నుంచి 2000 హెర్ట్జ్ వరకు ఉన్న నడిమి జాగా. మిడ్ నాబ్ అక్కడే పనిచేస్తుంది.

ఆయన ఆంప్ మీద నాబ్‌లు: బేస్ 7, మిడ్ 3, ట్రెబుల్ 7. ఇంట్లో కుదుర్చుకున్న సెట్టింగ్ అది. సౌండ్ మీటర్ పెట్టి చూస్తే ఇంట్లో వాయించే స్థాయి 70 డెసిబెల్ చుట్టుపక్కల, రిహార్సల్‌లో 100 చుట్టుపక్కల. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవి అడుగు, పైచివర ఫ్రీక్వెన్సీలని తక్కువగా పట్టుకుంటుంది; ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీశారు. అందుకే ఇంట్లో బేస్, ట్రెబుల్ పెంచితేనే నిండుగా అనిపిస్తుంది. అవే నాబ్‌లతో 100 డెసిబెల్‌కి వెళ్లగానే అడుగు ఉబ్బుతుంది, పైచివర గుచ్చుతుంది, మధ్యలో గొయ్యి పడుతుంది. గిటార్ ఉండాల్సిన చోటే ఆ గొయ్యి.

పైగా ఈ తరహా ఆంప్ టోన్ స్టాక్‌లో (బేస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌ల సర్క్యూట్‌లో) అన్ని నాబ్‌లూ 5 మీద పెట్టినా సమతలం రాదు. 400–500 హెర్ట్జ్ దగ్గర సహజంగానే లోతైన పల్లం ఉంటుంది. పాసివ్ సర్క్యూట్ కాబట్టి ఒక నాబ్ కదిపితే మిగతా రెండూ కొంత కదులుతాయి. బేస్, ట్రెబుల్ బాగా కిందికి దించి మిడ్ పూర్తిగా ఎక్కిస్తేనే సమతలానికి దగ్గరవుతుంది. నాబ్ మీది అంకె చూసి భయపడకూడదు. మిడ్ 9 అనేది ఇక్కడ అతి కాదు.

తోక నుంచి తనిఖీ

వెతికే వరస తోక నుంచి: గది, స్పీకర్, ఆంప్ నాబ్‌లు, పెడల్స్, కేబుల్, గిటార్. డబ్బు ఖర్చయ్యే పనులు మాత్రం ఆఖర్న. పికప్ మారిస్తే వచ్చే తేడా కన్నా స్పీకర్ మారిస్తే వచ్చే తేడా పెద్దది. ఉన్న స్పీకర్‌నే మోకాలెత్తు పైకి లేపితే వచ్చే తేడా కొన్నిసార్లు అంతకన్నా పెద్దది.

మొదట పెడల్స్ అన్నీ తీసేసి, గిటార్, 3 మీటర్ల కేబుల్, ఆంప్ మాత్రమే. డ్రమ్మర్ పక్కన వాయిస్తూ ఉండాలి. ఒంటరిగా పెట్టుకున్న టోన్ బ్యాండ్‌లో నిలబడదు; బ్యాండ్‌లో నిలబడే టోన్ ఒంటరిగా వింటే ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది. ఇది ఒప్పుకోవడానికే ఆయనకి అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది.

ఆంప్ నేల మీద, ఆయన కాళ్లకి మీటరున్నర వెనక ఉండేది. 12 అంగుళాల కోన్ అడుగు ఫ్రీక్వెన్సీలని నలుదిక్కులా చల్లుతుంది కానీ, సుమారు 1500 హెర్ట్జ్ దాటాక టార్చి వెలుగులా సూటిగా ముందుకే పంపుతుంది. ఆ వెలుగు ఆయన మోకాళ్ల మీద పడుతోంది. చెవికి చేరేది పక్కలకి చిందిన మొద్దు శబ్దం. అందుకని ట్రెబుల్ పెంచుతూ పోయారు. ఎదురుగా కూర్చున్నవాళ్ల చెవికి మాత్రం ఆ వెలుగంతా సూటిగా తగిలింది. ఆంప్‌ని 45 సెంటీమీటర్లు ఎత్తి, వెనక్కి వంచి, కోన్ ఆయన తల వైపు చూసేలా పెట్టాం. ఎవరూ చెప్పకుండానే ట్రెబుల్ నాబ్ 7 నుంచి 4కి దిగింది. నేలని ఆనుకుని ఉన్నప్పుడు వచ్చే అడుగు ఉబ్బు కూడా పోయింది.

నాబ్‌లు కొత్తగా: బేస్ 3, మిడ్ 8, ట్రెబుల్ 4, ప్రెజెన్స్ (పైచివర మెరుపుని సర్దే నాబ్) 4. ఐదు ఫిర్యాదుల్లో మూడోది పూర్తిగా, మొదటిది సగం ఇక్కడే తీరాయి. అప్పటికి అయిన ఖర్చు ఒక్క స్టాండ్.

100 వాట్లు ఎందుకు వద్దన్నాం

40 వాట్ల నుంచి 100 వాట్లకి వెళ్తే పెరిగేది 4 డెసిబెల్. చెవికి రెట్టింపు శబ్దంగా తోచాలంటే సుమారు 10 డెసిబెల్, అంటే పదింతల వాట్లు కావాలి. ఆయనకి తక్కువైంది శబ్దం కాదు, మిడ్. నిజానికి సమస్య తిరగబడి ఉంది: 6ఎల్6 ట్యూబులు గరగరలాడటం మొదలయ్యే స్థాయికి ఈ ఆంప్‌ని తీసుకెళ్తే గాయకుడి గొంతు మునిగిపోతుంది. ఎక్కువ వాట్లంటే ఆ అంచు ఇంకా దూరం జరగడమే. ఈ తరహా టోన్‌కి 15–20 వాట్ల ఆంప్ చాలాసార్లు మేలు. ఉన్నదాన్నే వాడాలి కాబట్టి ఇంకో దారి వెతికాం, అది స్పీకర్ దగ్గర వస్తుంది.

గిటార్

హంబకర్ గిటార్ కావాలన్న కోరికకి రెండు కారణాలు: హమ్ పోతుంది, లావు వస్తుంది. రెండూ నిజమే. గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో హంబకర్ కట్టింది హమ్ కోసమే. మామూలు సింగిల్ కాయిల్ రెసిస్టెన్స్ సుమారు 6 కిలో ఓమ్‌లు, ఇండక్టెన్స్ 2–2.5 హెన్రీలు ఉంటే, పాత తరహా హంబకర్‌కి 7.5–8.5 కిలో ఓమ్‌లు, 4–5 హెన్రీలు ఉంటాయి. ఇండక్టెన్స్ పెరిగితే పికప్ గట్టిగా మోగే శిఖరం కిందికి జారుతుంది, అందుకే లావుగా వినపడుతుంది. కానీ ఆయన తెచ్చిన మూడు రికార్డింగుల్లో రెండు సింగిల్ కాయిల్ శబ్దాలు. నోట్ మొదట్లో వచ్చే ఆ టప్‌మనే గాజు చప్పుడు హంబకర్‌లో రాదు. హై గెయిన్ మెటల్ వాయించేవాళ్లయితే సలహా వేరేగా ఉండేది.

ఉన్న గిటార్‌లో దొరికిన లోపాలు చిన్నవి, ప్రభావం మాత్రం పెద్దది.

పికప్‌లు తీగలకి మరీ దగ్గరగా, అడుగు తీగ వైపు 1 మి.మీ. దూరంలోనే ఉన్నాయి. ఈ తరహా సింగిల్ కాయిల్‌లో పోల్ పీసులే (ఒక్కో తీగ కింద ఉండే కడ్డీలే) అయస్కాంతాలు కాబట్టి లాగుడు ఎక్కువ. 12వ ఫ్రెట్ దాటి అడుగు తీగ మీద వాయిస్తే ఒకే నోట్‌లో రెండు శృతులు కొట్టుకుంటున్నట్టు వణుకు వస్తోంది. ట్యూనర్ సూది నిలవదు. దీన్ని ఇంటొనేషన్ (అన్ని ఫ్రెట్ల దగ్గరా శృతి సరిగ్గా పలకడం) తప్పనుకుని సాడిల్స్‌ని (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే దిమ్మల్ని) ఎంత తిప్పినా ఫలితం ఉండదు. ఆఖరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కిపట్టి, పోల్ పీస్ పైభాగానికీ తీగ అడుగుకీ మధ్య అడుగు వైపు 2.4 మి.మీ., సన్న తీగ వైపు 2 మి.మీ. పెట్టాం. శబ్దం కొంచెం తగ్గింది, నోట్ నిడివి పెరిగింది, వణుకు పోయింది.

9–42 తీసి 10–46 తీగలు వేశాం. 25.5 అంగుళాల స్కేల్‌లో సన్న తీగ లాగుడు సుమారు 13 పౌండ్ల నుంచి 16కి పెరుగుతుంది; గట్టిగా మీటినా శృతి పైకి జారదు, నోట్‌కి నడుం నిలబడుతుంది. బెండ్లు (తీగని పక్కకి లాగి శృతి పెంచడం) బరువవుతాయి, అది ఒప్పందంలో భాగం. ఇక్కడే మొదటి బెడిసికొట్టుడు. కొత్త తీగల లాగుడికి ట్రెమొలో బ్రిడ్జ్ పైకి లేచింది, యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగ ఎత్తు) పెరిగింది. వెనక స్ప్రింగులు మూడు ఉంటే నాలుగోది వేసి, స్ప్రింగులు పట్టుకునే క్లా స్క్రూలు బిగించి బ్రిడ్జ్‌ని పాత చోటుకి తెచ్చాం. తర్వాత మూడో తీగ మొండికేసింది: బెండ్ చేసి వదిలితే శృతి కిందే ఉండిపోతుంది, ట్యూన్ చేస్తుంటే టింగ్‌మని ఒక్కసారిగా పైకి గెంతుతుంది. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడి పాత సన్న తీగకి కోసినది, కొత్త తీగ అందులో ఇరుక్కుంటోంది. గాడిని వెడల్పు మాత్రమే పెంచి, లోతు ముట్టుకోకుండా, పెన్సిల్ గ్రాఫైట్ పూస్తే సర్దుకుంది. లోతు ఒక్క గీత ఎక్కువ కోస్తే ఖాళీ తీగ ఫ్రెట్‌కి తగిలి జిర్రుమంటుంది, అప్పుడు నట్ మార్చాల్సిందే. మెడ వంపు 0.25 మి.మీ., 12వ ఫ్రెట్ దగ్గర యాక్షన్ సన్న తీగకి 1.6, అడుగు తీగకి 2 మి.మీ. పెట్టి, ఇంటొనేషన్ మళ్లీ సరిచేసి ముగించాం.

ఇంకో పని రెండంగుళాల వైరుతో అయింది. పాత పద్ధతి స్ట్రాట్ వైరింగ్‌లో బ్రిడ్జ్ పికప్‌కి టోన్ నాబ్ ఉండదు. రెండు టోన్ నాబ్‌లూ మెడ, నడిమి పికప్‌లవి. మూడింట్లో ఎక్కువ గుచ్చేదానికే పగ్గం లేదన్నమాట. స్విచ్ మీద బ్రిడ్జ్ పికప్ కొసని రెండో టోన్ నాబ్ కొసకి చిన్న తీగతో కలిపితే పగ్గం దొరుకుతుంది. ఇప్పుడు ఆయన బ్రిడ్జ్ పికప్ వాడేటప్పుడు టోన్ 6 మీద ఉంచుతారు. చాలామంది ఈ దశలో కెపాసిటర్ల మీద పడతారు, 0.022 మైక్రోఫారడా 0.047ఆ అని. నాబ్ 10 మీద ఉన్నంతసేపు ఆ తేడా చెవికి అందదు; దించినప్పుడే తెలుస్తుంది.

వాల్యూమ్ తగ్గిస్తే కాంతి పోవడం ఐదో ఫిర్యాదు. పాట్‌ని 7కి దించగానే పికప్‌కీ కేబుల్‌కీ మధ్య పదుల కిలో ఓమ్‌ల అడ్డు వచ్చిపడుతుంది. కేబుల్ కెపాసిటెన్స్‌తో కలిసి అది ట్రెబుల్‌ని మింగేస్తుంది. మామూలు మందు ట్రెబుల్ బ్లీడ్: వాల్యూమ్ పాట్ లోపలి కొసకీ బయటి కొసకీ మధ్య 150 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 680 పికోఫారడ్‌ల కెపాసిటర్ పక్కపక్కన. టంకం పెట్టేముందు మొసలి క్లిప్పులతో తగిలించి విన్నాం. క్లీన్‌లో బాగుంది, ఫజ్‌తో కుదరలేదు. ఫజ్‌ని గిటార్ వాల్యూమ్‌తో శుభ్రం చేసుకోవడం ఆయన వాయింపులో ముఖ్యమైన భాగం, బ్లీడ్ ఉంటే అక్కడ శబ్దం పీలగా సన్నబడిపోతోంది. వదిలేశాం. ఆ ఫిర్యాదు కేబుల్ దగ్గర చాలావరకు తీరింది.

కేబుల్, బఫర్

పికప్ ఇండక్టెన్స్, కేబుల్ కెపాసిటెన్స్ కలిసి ఒక శిఖరాన్ని తయారుచేస్తాయి. దాని తర్వాత ట్రెబుల్ జారిపోతుంది. ఈ పికప్‌కి 2.4 హెన్రీలు, కాయిల్ సొంత కెపాసిటెన్స్ 110 పికోఫారడ్‌లు, కేబుల్ మీటరుకి 100 పికోఫారడ్‌లు అని లెక్కవేస్తే 3 మీటర్ల కేబుల్‌తో శిఖరం 5 కిలోహెర్ట్జ్ దగ్గర, 6 మీటర్లతో 3.9 దగ్గర పడుతుంది. పెడల్స్ అన్నీ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఆయన రిగ్‌లో మొత్తం 14 మీటర్లు. శిఖరం 2.6 కిలోహెర్ట్జ్. ట్రూ బైపాస్ అంటే పెడల్ అడ్డు లేదనే గానీ, తీగ పొడవు ఎక్కడికీ పోదు.

ఓవర్‌డ్రైవ్ స్థానంలో పాత పద్ధతి ట్యూబ్ స్క్రీమర్ ఉంటే ఈ సమస్య సగం ఉండేది కాదు, దాని బైపాస్‌లోనే బఫర్ ఉంటుంది. ఆయనది ట్రూ బైపాస్‌కి మార్చినది. అందుకని ప్రత్యేకంగా ఒక బఫర్ పెట్టాం: ఇన్‌పుట్ 1 మెగా ఓమ్. ఎక్కడ పెట్టాలన్నది ఫజ్ నిర్ణయించింది. ఫజ్ ఫేస్ తరహా సర్క్యూట్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి చూపే అడ్డు) చాలా తక్కువ. అది నేరుగా పికప్‌ని చూడాలి. ముందు బఫర్ ఉంటే శబ్దం గరుకుగా, పెళుసుగా మారుతుంది, వాల్యూమ్ తగ్గించినా శుభ్రపడదు. వా ముందుంటే ఫజ్ వేయగానే కీచుమంటుంది. కాబట్టి ఫజ్ మొదటిది, తర్వాత వా, తర్వాత బఫర్.

పెట్టిన రోజు ఆయనకి అస్సలు నచ్చలేదు. 14 మీటర్ల మొద్దుదనానికి అలవాటుపడిన చెవికి 3 మీటర్ల కేబుల్, బఫర్ కలిసి గాజుపెంకులా తగిలాయి. ట్రెబుల్ ఇంకా దించితే ఫజ్ మొద్దుబారుతోంది. మందు తేలికే: గిటార్‌కీ ఫజ్‌కీ మధ్య మళ్లీ పాత 6 మీటర్ల కేబుల్ వేశాం. శిఖరం 3.9 దగ్గరకొచ్చింది. వాల్యూమ్ 7 మీద కూడా కాంతి సరిపడా నిలిచింది. కేబుల్ పొడవు కూడా టోన్ నాబే, కాకపోతే తిప్పడానికి వీలుండదు.

గెయిన్, బురద

డిస్టార్షన్ కార్డ్‌ని ఎందుకు బురద చేస్తుందో ఒక్క లెక్కతో తెలుస్తుంది. రెండు స్వరాలు కలిసి క్లిప్ అయితే (సిగ్నల్ శిఖరాలు తెగితే) వాటి మొత్తం, వాటి తేడా కూడా కొత్త స్వరాలుగా పుడతాయి. 110 హెర్ట్జ్ ఏ (A) స్వరం, 165 హెర్ట్జ్ ఈ (E) స్వరం కలిపి పవర్ కార్డ్ కొడితే తేడా 55: అదే ఏ స్వరం, ఒక ఆక్టేవ్ కింద. అందుకే పవర్ కార్డ్ డిస్టార్షన్‌లో గోడలా నిలబడుతుంది. ఇప్పుడు 220 హెర్ట్జ్ ఏ (A) స్వరానికి మేజర్ థర్డ్ కలపండి, ఫ్రెట్ల మీద అది 277.2. తేడా 57.2. అది A కాదు, A షార్ప్ కాదు, మధ్యలో వేలాడుతుంది. ఆరు తీగల మేజర్ కార్డ్‌లో ఇలాంటి జంటలు ఎన్నో. ఏ పెడల్ కొన్నా ఈ గణితం మారదు. గెయిన్ తగ్గించాలి, లేదా తీగలు తక్కువ మీటాలి.

హై గెయిన్ పెడల్ దిగిపోయింది. కంప్రెసర్ కూడా: క్లిప్పింగే ఒక కంప్రెసర్, దాని ముందు ఇంకోటి పెడితే మెత్తగా మీటడం, గట్టిగా మీటడం అనే తేడా చచ్చిపోతుంది, ఆగినప్పుడు హమ్ పైకి తేలుతుంది. మిగిలిన ఓవర్‌డ్రైవ్‌ని ఇలా పెట్టాం: డ్రైవ్ 2, టోన్ 5, లెవెల్ 8. ట్యూబ్ స్క్రీమర్ సర్క్యూట్‌లో క్లిప్పింగ్ దశకి ముందు అడుగు ఫ్రీక్వెన్సీలు తగ్గుతాయి, 4.7 కిలో ఓమ్‌లు, 0.047 మైక్రోఫారడ్ కలిసి 720 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తాయి. అంటే బురద తయారయ్యే భాగానికి గెయిన్ తక్కువ, మిడ్‌కి ఎక్కువ. లెవెల్ ఎక్కువ, డ్రైవ్ తక్కువ పెడితే పెడల్ తాను పెద్దగా గరగరలాడకుండా ఆంప్ 12ఏఎక్స్7 ట్యూబుని ముందుకు తోస్తుంది. మిడ్‌లో గొయ్యి ఉన్న ఆంప్‌కి ఈ పెడల్ అతికినట్టు సరిపోవడానికి కారణం అదే. ఇంట్లో ఒంటరిగా వింటే మాత్రం జలుబు చేసినట్టుంటుంది. అందుకే దుకాణంలో అయిదు నిమిషాలు వాయించి చాలామంది పక్కన పెట్టేస్తారు.

స్పీకర్

పాత స్పీకర్ సెన్సిటివిటీ (ఒక్క వాట్‌కి మీటరు దూరంలో వచ్చే శబ్దం) 100 డెసిబెల్, పైచివర గట్టిగా ఉండే రకం. కొత్తవి మూడు పరిశీలించాం, మూడూ సెలెస్టియన్ కంపెనీవే. గ్రీన్‌బ్యాక్ జీ12ఎమ్ టోన్ పరంగా కోరినదే, కానీ దాని సామర్థ్యం 25 వాట్లు. 40 వాట్ల ఆంప్‌కి ఒంటరిగా కడితే కాయిల్ కాలిపోయే ప్రమాదం ఉంది. వింటేజ్ 30 సామర్థ్యం 60 వాట్లు, 100 డెసిబెల్. పై మిడ్‌లో దాని పొడుపు హంబకర్‌కి కలిసొస్తుంది, స్ట్రాట్ బ్రిడ్జ్ పికప్‌తో కలిస్తే పుండు మీద కారమే. తీసుకున్నది క్రీమ్‌బ్యాక్ జీ12ఎమ్-65: 65 వాట్లు, 97 డెసిబెల్.

మూడు డెసిబెల్ తక్కువ స్పీకర్ ఎవరైనా కావాలని కొంటారా? ఇక్కడ అదే లాభం. మూడు డెసిబెల్ తగ్గడమంటే ఆంప్ వాట్లు సగమైనట్టే. అదే శబ్దానికి ఇప్పుడు ఆంప్ ఎక్కువ కష్టపడాలి, గరగరలాడే అంచు గాయకుడికి భరించగలిగే స్థాయికి దగ్గరైంది. ఆంప్ వాల్యూమ్ 3 దగ్గర ఆగేది 4.5కి వచ్చింది.

బిగించేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ఇంపెడెన్స్ పాతదానిదే, 8 ఓమ్‌లు, ఉండాలి. స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ ఆంప్ ఆన్ చేయకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. స్పీకర్ వైరు బదులు గిటార్ కేబుల్ వాడకూడదు. చాసిస్ తెరవాల్సిన పని లేదు, తెరవద్దు కూడా. ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో 400 వోల్టులకి పైగా నిలిచి ఉండొచ్చు. నాలుగు మరలని ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఈ కేసులో ఒకటి ముందే పూర్తిగా బిగించడంతో ఫ్రేమ్ వంగి, కోన్ ఒక పక్కకి రాసుకుంటూ ఖాళీ ఐదో తీగ మీటినప్పుడల్లా కరకరమంది. నాలుగూ వదులు చేసి మళ్లీ సమంగా బిగిస్తే పోయింది. కొత్త కోన్ మొదటి రెండు మూడు రిహార్సల్స్‌లో బిగుసుగా వినిపిస్తుంది, ఆలోపు నాబ్‌లు మార్చుకోవద్దని చెప్పాం.

హమ్

హమ్‌లో రెండు రకాలు కలిసి ఉన్నాయి, విడదీయకపోతే మందు కుదరదు. పెడల్స్ తీసేస్తే సగం తగ్గింది: అది అడాప్టర్‌ది. డిజిటల్ డిలే నుంచి సన్నని కూత గొలుసు వైరు గుండా ఓవర్‌డ్రైవ్‌లోకి చేరుతోంది. ఒక్కో పెడల్‌కి విడి అవుట్‌పుట్ ఉన్న ఐసొలేటెడ్ సప్లై పెడితే అది పూర్తిగా పోయింది. మిగిలింది సింగిల్ కాయిల్ పట్టుకునే కరెంటు హమ్, 50 లేదా 60 హెర్ట్జ్, దాని గుణిజాలు. లోపల రాగిరేకు అతికిస్తే జిర్రుమనే పై చప్పుడు తగ్గుతుందే గానీ ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత హమ్ తగ్గదు. నడిమి పికప్ తిరగచుట్టినది కాబట్టి రెండేసి పికప్‌లు కలిసి పనిచేసే స్విచ్ 2, 4 స్థానాల్లో హమ్ రద్దవుతుంది. మాటల మధ్యలో ఆ స్థానానికి మార్చుకోవడం, ఆంప్‌కి రెండు మీటర్ల దూరంలో పక్కకి తిరిగి నిలబడడం అలవాటు చేసుకున్నారు. నాయిస్ గేట్ (చిన్న శబ్దాల్ని మూసేసే పెడల్) పెట్టలేదు, సాగే నోట్ చివరని నరికేస్తుంది.

కోరస్ ఉన్నచోటే ఉంది. డిలేని ఎఫెక్ట్స్ లూప్‌లోకి (ఆంప్‌లో ప్రీఆంప్‌కీ పవర్ సెక్షన్‌కీ మధ్య పెడల్ తగిలించే చోటుకి) మార్చాం, ప్రీఆంప్ గరగర తర్వాత రావాలి కాబట్టి. 375 మిల్లీసెకన్లు, మిక్స్ పావు వంతు.

మోడలర్ (ఆంప్, స్పీకర్లని డిజిటల్‌గా అనుకరించే పెట్టె) వాడేవాళ్లకి ఇదే వరస వర్తిస్తుంది. ముందు క్యాబ్ ఐఆర్ (స్పీకర్ క్యాబినెట్ శబ్దాన్ని అనుకరించే ఫైలు) మార్చి వినాలి, ఆంప్ మోడల్ తర్వాత. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక నిటారుగా పడిపోతుంది. క్యాబ్ ఆఫ్‌లో ఉండి నేరుగా మిక్సర్‌కి వెళ్తే తేనెటీగల తుట్టె కదిపినట్టు ఉండడానికి కారణం అదే. 80–100 హెర్ట్జ్ కింద, 6 కిలోహెర్ట్జ్ పైన కోసి, బ్యాండ్ స్థాయి శబ్దంలోనే ప్రీసెట్ సేవ్ చేసుకోవాలి.

ఇప్పటి స్థితి, మిగిలినది

వరస: గిటార్, 6 మీటర్ల కేబుల్, ఫజ్, వా, బఫర్, ఓవర్‌డ్రైవ్, కోరస్, ఆంప్, లూప్‌లో డిలే. ఆంప్ వాల్యూమ్ 4.5, బేస్ 3, మిడ్ 8, ట్రెబుల్ 4.5, ప్రెజెన్స్ 4. రిథమ్‌కి గిటార్ వాల్యూమ్ 6–7, సోలోకి 10, ఓవర్‌డ్రైవ్ ఆన్. సోలో రికార్డు చేసి విన్నాం. గదికి నడుమ ఫోను పెట్టి, ఆంప్ ముందు ఒక డైనమిక్ మైకు, ఎస్ఎమ్57, జాలీకి 3 సెంటీమీటర్ల దూరంలో, డస్ట్ క్యాప్ అంచు మీద పెట్టి. రెండింట్లోనూ కీబోర్డ్‌తో ఢీకొన్న చోట్లు రెండు దొరికాయి. అక్కడ గిటార్ నాబ్ ముట్టుకోలేదు, కీబోర్డ్ వాయించేవారు ఎడమ చేయి తీసేశారు.

తీరనిది ఒకటుంది. చిన్న గదుల్లో 4.5 ఇంకా ఎక్కువే. అక్కడ ఆంప్ 2.5 మీద, ఓవర్‌డ్రైవ్ డ్రైవ్ 5 మీద పెట్టి నెట్టుకొస్తున్నారు. గరగర వస్తోంది కానీ వేళ్ల కింద ఆ జవాబు తగ్గిందని ఆయనే అంటారు. తర్వాతి ప్రయత్నం ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్య 8 ఓమ్‌ల అటెన్యుయేటర్ (స్పీకర్‌కి చేరే పవర్ తగ్గించే పెట్టె), 50 వాట్లకి తక్కువ కాకుండా. 6–8 డెసిబెల్ తగ్గించేవరకు టోన్ నిలుస్తుంది, అంతకన్నా దించితే స్పీకర్ కదలిక సన్నబడి మళ్లీ మొద్దుదనం మొదలవుతుంది కాబట్టి, అరువు తెచ్చి ఒక రిహార్సల్ వాయించాకే కొనమన్నాం.